మధ్యలో పీట

గురువారం రాత్రి ఇషా నమాజు అయ్యాక
నా వడ్రంగి కొట్టులో కూర్చుంటాం, ఏడుగురం.
రంపప్పొట్టు ఊడ్చి, గొర్రెతోళ్లు పరిచి
పొయ్యిలోకి రెండు బీచ్ దుంగలు తోస్తాను.
మా బోస్నియా కొండల చలికి అవి గంటన్నర.

నేను పండితుణ్ణి కాను.
ఇమాముగారికి ఊళ్లు మూడు, బాగున్న మోకాలు ఒకటి.
ఈ ఎత్తు ఎక్కి రాలేక,
"నువ్వే నడుపు సాకిబ్,
నీకు కొలతలు తెలుసు కదా, చాలు" అన్నాడు.

నడపడమంటే ఏముంది,
యాయ్‌త్సె నుంచి జియాద్ బస్సు ఆలస్యమైతే ఆగడం,
నుస్రెత్ మాస్టారు ఒక్క మాట మీదే గంట లాగితే
కాఫీ గిన్నె ఆయన ముందుకు జరపడం,
పదిహేనేళ్ల ఎమీన్ ఫోను జేబులో వేసేదాకా
అటే చూస్తూ ఉండటం.
ఇంకా,
హమ్దియాకీ రెషాద్‌కీ నడుమ చోటు వదలడం.

ఒక్క తల్లి బిడ్డలు.
పదకొండు ప్లమ్ చెట్లు, ఒక గట్టు.
తండ్రి పోయాక గట్టు ఎటు జరిగిందో అల్లాకే తెలియాలి.
కొలవమని నన్ను పిలిచారు.
కొలిచాను. ఇద్దరికీ చెడ్డవాణ్ణయ్యాను.

మా దగ్గర పుస్తకం ఒకటే.
చేతిలోంచి చేతిలోకి తిరుగుతుంది, తలా ఒక హదీసు.
హమ్దియా తన వంతు చదివి
తమ్ముడి చేతికివ్వకుండా కింద పెట్టాడు మొదటిసారి.
ప్రవక్త మాట నేల మీద ఉండకూడదని
మర్నాడే అక్రోటు చెక్కతో చిన్న పీట చేశాను.
అప్పట్నించీ అన్న పీట మీద పెడతాడు,
ఒక ఊపిరి ఆగి
తమ్ముడు తీసుకుంటాడు.
అంచులు ఎంత నున్నగా వచ్చాయో అని అందరూ మెచ్చుకున్నారు.

మూడు చలికాలాలు.
ఓర్పు గురించి చదివాం, పొరుగువాడి హక్కు గురించి, నాలుక గురించి.
మూడు రాత్రులు దాటి సోదరుడితో మాట మానడం తగదన్న హదీసు
నేనే ఏరి, నేనే రెండుసార్లు చదివాను.
ఇద్దరూ తల ఊపారు,
పక్క ఊరివాళ్ల సంగతి విన్నట్టు.

ఇంట్లో సెనియా మేజోడు అల్లుతూ
తలెత్తకుండానే అంది:
"పాఠం ఓర్పు మీద,
పెద్దపీట పంతానికి."
ఆ రాత్రి నాకు నిద్ర లేదు.
వాళ్ల కోపానికి నాలుగు కాళ్లు పెట్టి
గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించి
మధ్యలో కూర్చోబెట్టింది నేనే.

తర్వాతి గురువారం పీట దాచేశానని చెప్పగలిగితే బాగుండేది.
ధైర్యం చాలలేదు. ఎప్పటిలాగే వేశాను.

ఫిబ్రవరి. కిటికీకి సగందాకా మంచు.
రంపపు మిల్లులో నలిగిన కుడిచేతికి కట్టుతో
హమ్దియా వచ్చాడు.
ఎడమచేత్తో పుస్తకం పట్టాడు, మొహమాటంగా.
పేజీ ముడుచుకుంది. కళ్లద్దాలు ముక్కు కొసకి జారాయి.
తోసుకోవడానికి ఇంకో చెయ్యి లేదు.
వరస తప్పాడు. మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ తప్పాడు.
పొయ్యిలో దుంగ ఒకటి చిటపటమంది.

రెషాద్ వంగి
ఒక్క వేలితో అన్న కళ్లద్దాలు పైకి తోశాడు.
తర్వాత పుస్తకం అడుగున అరచెయ్యి పెట్టాడు.

అన్న చదివాడు.
ఏ హదీసో మాకెవరికీ గుర్తు లేదు,
తూకంలో మోసం గురించి అనుకుంటా.
చదవడం అయ్యేసరికి
పుస్తకం తమ్ముడి చేతిలోనే ఉంది.

నుస్రెత్ మాస్టారు ఏదో చెప్పబోతూ నోరు తెరిచాడు.
నేను కాఫీ గిన్నె జరిపాను.

వాళ్లు కౌగిలించుకోలేదు.
వేర్వేరు దారులే పట్టారు,
మంచులో అడుగులు రెండు వరసలు.
చెట్ల సంగతి వసంతంలో తేలాలి, తేలకపోనూవచ్చు.

పీట ఎత్తి అటక మీద పెడదామని తిరిగితే
ఎమీన్ దాని మీద కూర్చుని
బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు.
"లేవమంటారా?" అన్నాడు.
కూర్చోరా అన్నాను.

వాడి బరువుకి ఒక కాలు కాస్త ఊగుతోంది.
బాగుచెయ్యను.